పంచె ముడి వేసుకోలేని మనిషికి 60 శాతమా? వికలాంగులకు సాయం ఏ లెక్కన ఇవ్వాలి?

మహేంద్రతనయ_గట్టు:
మాది పర్లాకిమిడి. మా చిన్నాన్నకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది, కుడివైపు. వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపులో చూసి వైకల్యం 60 శాతం అని రాశారు. మా వీధి చివర కిరాణా కొట్టాయనకు మోకాలి కింద కాలు లేదు, ఆయనకు 70. ఆయన జైపూర్ కాలు తగిలించుకుని స్కూటీ మీద కాశీనగర్ దాకా వెళ్లి వస్తాడు. మా చిన్నాన్న పంచె ముడి కూడా వేసుకోలేడు. పొద్దున లేచింది మొదలు అన్నీ మా పిన్నే చూడాలి. కొట్టాయన మీద నాకు ఏడుపేం లేదు, ఇంకో పది ఎక్కువ రాసినా సంతోషమే. నా గొడవ ఆ అంకెతో.

ఒడిశాలో 80 శాతం ఉంటే 2025 జనవరి నుంచి పింఛను నెలకు 3,500, లేకపోతే 1,000. (సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళితే 2024 జూలై నుంచి 6,000. అది వేరే బాధ, ఇక్కడ ఎత్తొద్దు.) నేను అడిగేది ఒకటే. ఈ శాతాలు పక్కన పెట్టి, మనిషి ఇంట్లో రోజూ ఏ పని చేసుకోగలడు, ఏది చేసుకోలేడు అని చూసి సాయం ఇవ్వకూడదా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
బాబూ, ఆ పట్టిక నువ్వనుకున్నంత గుడ్డిదేం కాదు. శాతం ఎలా లెక్కకట్టాలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో చేతి లెక్క చూడు. పది పనులు, చేయలేని ఒక్కోదానికి 9 శాతం. వస్తువు తలపైకి ఎత్తడం, ముక్కు కొన తాకడం, చేత్తో అన్నం తినడం, జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, కడుక్కోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, గుండీలు పెట్టుకోవడం, పంచె గానీ పైజమా బొందు గానీ కట్టుకోవడం, రాయడం. మీ చిన్నాన్న పంచె అందులోనే ఉంది! ఆ పదీ చేయించి చూశారా లేదా అన్నది అడుగు.

నేను అంకె పక్షమే. అంకె ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఎవరో ఇంటికొచ్చి "ఈయన స్నానం తనే చేసుకుంటాడు" అని రాసి పోతే దేని మీద అప్పీలు చేస్తావు? నచ్చినవాడు మంచం దిగలేడని, నచ్చనివాడు పరిగెడుతున్నాడని రాసే రోజులివి.

మహేంద్రతనయ_గట్టు:
చేయించలేదు మాస్టారూ. చెయ్యి ఎత్తమన్నారు, నాలుగడుగులు నడవమన్నారు. మా వెనక లైను గేటు దాకా ఉంది.

రాయగడ_ఫిజియో:
మాస్టారి భయం నిజమే, కానీ రోజువారీ పనులకూ స్కేళ్లు ఉన్నాయండీ. బార్తెల్ ఇండెక్స్ 1965 నాటిది, పది అంశాలు, మొత్తం నూరు మార్కులు, ఎంత సొంతంగా చేసుకుంటే అంత ఎక్కువ. తిండి, స్నానం, బట్టలు, మలమూత్రాల అదుపు, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక ఇలా. పక్షవాతం వచ్చినవాళ్లకి నేను వాడేది అదే.

దాంతో ఇబ్బంది ఏమిటంటే అది మన ఇళ్ల కోసం రాసింది కాదు. మెట్లు ఎక్కడానికి పది మార్కులున్నాయి. నేను వెళ్లే ఊళ్లలో చాలా ఇళ్లకు మెట్లే ఉండవు, ఎత్తు గుమ్మం ఉంటుంది. గొంతుక్కూర్చుని లేవడానికి విడిగా మార్కు లేదు, బోరింగు కొట్టడానికి అసలు లేదు. ఇక్కడ ఆడవాళ్లకు ఆ రెండూ రాకపోతే రోజు గడవదు. ఇంకోటి, క్లినిక్‌లో అడిగితే మగవాళ్లు అన్నిటికీ "ఆ, చేసుకుంటాను" అంటారు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యని అడిగితే వేరే కథ వినిపిస్తుంది. అందుకే వీలైతే ఇంటికెళ్లి చూస్తాను.

అన్నిటికంటే పెద్ద సమస్య భాష. ఒకసారి కువి (ఇక్కడి కోందుల భాష) మాట్లాడే ముసలమ్మ వచ్చింది. పక్కన ఎనిమిదో తరగతి మనవడు. నేను తెలుగులో అడగాలి, వాడు కువిలో చెప్పాలి. "మూత్రం ఆపుకోగలుగుతోందా?" అన్నాను. వాడు నేల చూపులు చూసి, ఆవిణ్ణి అడగకుండానే "బాగానే ఉందట" అన్నాడు. పది మార్కులు వేసెయ్యాల్సి వచ్చింది! అదే ప్రశ్న ఒడియాలో వేస్తే మన తెలుగు ముసలాళ్ల గతీ ఇంతే.

గుణుపురం_అల్లుడు:
స్కేలు మారిస్తే లంచం రేటు మారుతుంది అంతే.

పాప_వాళ్ల_అమ్మ:
అల్లుడు గారూ, మీకు తమాషాగా ఉంది.

మా పాపకు 17 ఏళ్లు, బుద్ధి ఎదగలేదు. 75 శాతం. తనలాంటి పిల్లలకు ఐక్యూ ఒక్కటే చూడరు. సోషల్ మెచ్యూరిటీ పరీక్ష అని ఒకటి చేస్తారు. గుండీలు పెట్టుకుంటుందా, ఒక్కతే బయటికి వెళ్తుందా, డబ్బులు ఇస్తే సరుకు తెస్తుందా అని తల్లిని అడుగుతారు. అంటే మీరు కొత్తగా కావాలంటున్నది మాకు ఎప్పట్నించో ఉంది. అందులో ఏముందో చెబుతాను.

పాప రోజూ కొట్టుకెళ్లి పాల ప్యాకెట్టు తెస్తుంది. ఎలాగంటే, కొట్టాయనకు తను తెలుసు, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు. దారిలో నలుగురు అరుగు మీంచి చూస్తుంటారు. అదే బరంపురంలో మా అక్క ఇంటికెళ్తే గేటు దాటనివ్వను. ఇప్పుడు "ఒక్కతే వెళ్తుందా" అంటే ఏం చెప్పాలి? వెళ్తుంది అంటే మార్కు పెరిగి శాతం తగ్గుతుంది. నేను వెళ్లదనే చెప్పాను. అబద్ధమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పక్కనే కూర్చున్న పాప మాత్రం "ఎల్తాను కదా అమ్మా" అంది.

డబ్బు దీనితో ముడిపడినంత కాలం ఏ తల్లీ పిల్లకి వచ్చిన పని గురించి గొప్పగా చెప్పుకోలేదండీ. పని రాదని చెబితే పింఛను. వచ్చని చెబితే ఏమీ లేదు, నేర్పేవాళ్లూ రారు.

బరంపురం_హాస్టల్:
శాతం మీద సుప్రీంకోర్టే 2024 అక్టోబరులో చెప్పింది. ఓంకార్ గోండ్ అని మహారాష్ట్ర కుర్రాడు. మాటలో ఇబ్బంది, వైకల్యం 40 శాతం దాటిందని ఎంబీబీఎస్ సీటు ఇవ్వం అన్నారు. కోర్టు ఏమందంటే శాతం దాటినంత మాత్రాన తోసెయ్యకూడదు, కోర్సు చదవగలడా లేదా వైకల్యాన్ని చూసే బోర్డు పరీక్షించి చెప్పాలి అని. కుర్రాడికి సీటొచ్చింది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
అమ్మా, మీ మాటతో నేను కొంచెం వెనక్కి తగ్గాను. రెండు వేర్వేరు పనుల్ని మనం ఒకే కాగితం మీద పెడుతున్నాం. పింఛనుకు గీత కావాలి, అది అంకె మీదే ఉండనీ. ఇంట్లో ఏం సాయం కావాలో తేల్చే కాగితం వేరే ఉండాలి, దాన్ని బట్టి రూపాయి కూడా తగ్గకూడదు. అప్పుడు తల్లులు నిజం చెబుతారు. చట్టంలో 38వ సెక్షన్ ఉంది, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లు అర్జీ పెట్టుకుంటే బోర్డు చూడాలని. మన బ్లాకులో దాని కింద అర్జీ పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి, నాకు ఒక్కరూ తగల్లేదు.

క్యాంపులో పది పనులూ చేయించాలన్న మాట మాత్రం వదలను. చిన్నాన్న అప్పీలు కాగితం నేను రాసిపెడతాను, ఆదివారం రా.

మహేంద్రతనయ_గట్టు:
వస్తాను మాస్టారూ. ఈలోగా ఫిజియో గారి మాట పట్టుకుని వారం రోజులు నోటుబుక్కులో రాశాను, ఎవరు ఏ పనికి ఎన్నిసార్లు లేచారో. పంచె అనుకున్నాం కానీ పిన్నిని చంపుతున్నది పంచె కాదు. రాత్రి మూడుసార్లు లేచి ఆయన్ని పెరట్లోకి నడిపించడం. నాలుగేళ్లుగా ఆవిడ కంటినిండా నిద్రపోలేదు, మాలో ఎవరం కనిపెట్టలేదు. మధ్యలో బొక్క ఉన్న కుర్చీ ఒకటి, మంచం పక్కన గోడకు కడ్డీ ఒకటి పెట్టించాం. పంచె బదులు ఎలాస్టిక్ లుంగీ కుట్టించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు, పంచే కావాలట.

నోటుబుక్కు చదివి వినిపిస్తే చిన్నాన్న అన్నదేంటో తెలుసా? "అన్నీ రాసినావు గానీ పేక గురించి రాయనేదేటి?" ఎడంచేత్తో ముక్కలు పట్టుకుంటే వెయ్యడానికి చెయ్యి లేదు. అందుకే అరుగు మీదకి వెళ్లడం మానేశాడట. నేనింకా నడవలేక అనుకున్నాను.

రాయగడ_ఫిజియో:
బార్తెల్‌లో పేక లేదు సార్. చెక్క పట్టీ తీసుకుని పొడవునా గాడి కొట్టించండి, ముక్కలు అందులో నిలబడతాయి. అడుగు పొడవు చాలు.

మహేంద్రతనయ_గట్టు:
వీళ్లాడేది 13 ముక్కల రమ్మీ. అడుగున్నర చేయిస్తాను.