అప్‌డేట్: విశాఖ–సింగపూర్ ప్రయాణ సమయం లెక్క తేలింది

విశాఖ నుంచి సింగపూర్‌కు టికెట్‌లో బయలుదేరే వేళకు, చేరే వేళకు మధ్య వెళ్లేటప్పుడు ఆరు గంటలకు పైగా, తిరిగి వచ్చేటప్పుడు రెండు గంటల లోపు తేడా ఎందుకు కనిపిస్తోందని అడిగాను. ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇన్సులిన్ వాడుతున్నారు, అందుకే నాకు ఆ ఆరాటం.

టికెట్‌పై ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం సూటిగా కొలిస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. ప్రయాణం దాదాపు 4 గంటలు. వెళ్లేటప్పుడు దానికి రెండున్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అంతే!

నాన్నగారి చేతి గడియారాన్ని దిగేవరకు విశాఖ సమయంలోనే ఉంచాం. డాక్టరు గారు కూడా ప్రయాణంలో గడిచే అసలు గంటలనే లెక్కలోకి తీసుకుని మోతాదు వేళలు రాసిచ్చారు. మీలో ఒకరు చెప్పినట్టే ఇన్సులిన్‌ను చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా పెట్టుకున్నాం. విమానం అడుగున ఉండే సామాను అరలో చలికి అది గడ్డకట్టే ప్రమాదం ఉంటుందట; ఈ సలహా నిజంగా ఎంతో విలువైనది. నాన్నగారు క్షేమంగా చేరారు, చక్కెర కూడా అదుపులోనే ఉంది.