ఉత్తరేణి మీద సమస్య: "కలుపు మొక్క లేక కరవు వచ్చె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి చివరి పాదం. ముందు మూడు పాదాలు ఉత్తరేణి గురించే రాసి పూరించాలి. ఎర్రటి కాడ, పొడుగాటి కంకి. ఆ కంకిని పైనుంచి కిందికి నిమిరితే ఏమీ అనదు, కిందినుంచి పైకి నిమిరితే గరగరా గీసుకుంటుంది. గింజల ముళ్లు నేలవైపు తిరిగి ఉంటాయి. గట్టు మీద నడిస్తే పంచె అంచుకు పట్టుకునేది అందుకే.

అనకాపల్లి సభ్యుడు:
పళ్లు తోమఁ బుల్ల, పత్రిలోఁ దానొక్క
యాకు, గాయమునకు నాకుపసరు
పిచ్చి మొక్క యనుచుఁ బీకి యావల వేయ
కలుపు మొక్క లేక కరవు వచ్చె

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయి తమ్ముడూ, ఉపయోగాలన్నీ ఇమిడాయి. కానీ "వేయ" ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత "క" "గ" అవుతుంది కాబట్టి "గలుపు" అనాలి, అప్పుడు సమస్య మారిపోతుంది. పైగా కరవు దేనికో తెలియలేదు.

అనకాపల్లి సభ్యుడు: "వేయు" అని మారుస్తాను మాస్టారూ. "పీకి ఆవల పడేసే కలుపు మొక్కే లేక" అని అన్వయం కుదురుతుంది. కరవు పళ్లపుల్లకే! మా తాతగారు ఉత్తరేణి వేరుతోనే పళ్లు తోమేవారు.

కరీంనగర్ సభ్యురాలు:
చవితినాడు వెదుక సందుగొందులయందు
నమ్మ యడిగినట్టి యాకు దొరక
దిరువదొక్క పత్రు లేరీతిఁ గూర్తుము?
కలుపు మొక్క లేక కరవు వచ్చె

నిర్వాహకుడు: అక్కా, ఇది పూరణ! అపామార్గ పత్రం, అంటే మన ఉత్తరేణి ఆకు, లేని పూజ పళ్లెం కళ్లముందు కనబడింది. కరవుకు అర్థం కూడా దొరికింది. మార్చడానికేమీ లేదు.

గుంటూరు సభ్యుడు:
దారమునకుఁ బూయు క్షారమిచ్చెడి మొక్క
గట్టు మీఁద నేడు కానరాదు
వైద్యుఁడేమి చేయు? వనమెల్ల దున్నిరి
కలుపు మొక్క లేక కరవు వచ్చె

కరీంనగర్ సభ్యురాలు: మొదటి పాదంలో యతి తప్పిందా అన్నా? పాదం మొదటి అక్షరంతో మధ్యలో అక్షరం కలవాలి, "దా"కు "క్షా" కుదరదు కదా.

నిర్వాహకుడు: అది ప్రాసయతి అమ్మా, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలుస్తుంది. దార, క్షార. ఆటవెలదిలో చెల్లుతుంది. విషయం కూడా నిజం: ఆయుర్వేదంలో భగందరానికి (మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులాకు) వాడే క్షారసూత్రమనే మందు దారాన్ని జెముడు పాలు, ఉత్తరేణి బూడిదనుంచి తీసిన క్షారం, పసుపు పట్టించి తయారు చేస్తారు. పద్యంలో "దారం" అని మాత్రమే ఉంది, తెలియనివాళ్లకు అందదు. కింద ఒక వాక్యం వివరణ రాయండి.

గుంటూరు సభ్యుడు: రాస్తాను. ఈసారి మా పెరట్లో మొలిచిన రెండు మొక్కల్ని పీకకుండా ఉంచాను. చవితికి కావలసినవాళ్లు వచ్చి కోసుకోండి, కంకుల జోలికి మాత్రం వెళ్లకండి. గింజ నేల రాలాలి.