ష్రూస్‌బరీ స్కూల్: ఇల్లు దగ్గరున్నా హాస్టల్ అవసరమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఇంగ్లాండులోని ష్రూస్‌బరీకి మారుతున్నాం. సెవెర్న్ నది ఒడ్డున ఉన్న ష్రూస్‌బరీ స్కూల్లో పదమూడేళ్ల మా అబ్బాయిని చేర్పించాలని ఉంది. రోజూ ఇంటి నుంచి పంపడం మేలా, అక్కడే ఉంచడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
1552లో రాజు ఆరవ ఎడ్వర్డ్ అనుమతితో ఊళ్లో మొదలైన ఆ బడి, 1882లో నది అవతల కింగ్స్‌లాండ్ గట్టు మీదికి మారింది. పాత భవనంలో 1818 నుంచి 1825 వరకు హాస్టల్లో ఉండి చదివిన చార్లెస్ డార్విన్, ఇల్లు మైలు దూరంలోనే ఉండటంతో, హాజరు పిలుపుల మధ్య విరామంలో ఇంటికి పరుగెత్తి, రాత్రి తలుపులు మూసేలోగా తిరిగి వచ్చేవాడినని స్వయంగా రాసుకున్నారు. ఇల్లు దగ్గరున్నా పిల్లవాడి మనసు ఎటు లాగుతుందో ముందు గమనించండి.

రెండో జవాబు:
పై మాట నిజమే గానీ, రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే క్రీడ) మీద మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే లెక్క మారుతుందండీ. ఎనిమిది మంది నడిపే, దాదాపు 18 మీటర్ల పడవను భుజాల మీద మోసుకొచ్చి నీళ్లలో దించడం, సాధన ముగిశాక మళ్లీ పైకి చేర్చి తుడవడం పడవ నడిపే పిల్లల పనే కాబట్టి, బడిలోనే ఉండేవారికి వెసులుబాటు ఎక్కువ. ఇంటి నుంచి వచ్చేవారికీ ప్రత్యేక హౌస్‌లు (విద్యార్థి బృందాలు) ఉన్నాయి, కాబట్టి వారు పరాయివాళ్లుగా మిగిలిపోరు.

మూడో జవాబు:
2025 జనవరి 1 నుంచి ప్రైవేటు బడుల ఫీజులపై, హాస్టల్ ఖర్చుతో సహా, 20 శాతం వ్యాట్ పడుతోంది. చెప్పిన మొత్తంలో అది కలిసిందో లేదో తప్పక అడగండి.