పిల్లల కారు సీటు: రెండేళ్లకే ముందుకు తిప్పేయాలా, నాలుగేళ్ల దాకా వెనక్కే ఉంచాలా?

చిన్నపాదం:
రెండేళ్లు నిండితే పిల్లల సీటును (పిల్లలు ముందుకు చూసేలా) ముందుకు తిప్పేయొచ్చని కొందరు, నాలుగేళ్ల దాకా వెనక్కి తిప్పే ఉంచాలని కొందరు అంటున్నారు. నా ఓటు మొదటిదానికే. పిల్లల కారు సీట్లకు వర్తించే ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారమే 15 నెలలు దాటాక ముందుకు తిప్పొచ్చు. రెండేళ్ల పిల్లలకు వెనక్కి కూర్చుంటే కాళ్లు చాపుకునే చోటు ఉండదు. కొందరికి కడుపులో తిప్పి వాంతులవుతాయి. వెనక పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే నడిపేవాళ్ల ధ్యాస రోడ్డు మీద ఎలా నిలుస్తుంది?

వెనకసీటు:
15 నెలలనేది కనీస హద్దండీ. అంతకంటే ముందు తిప్పడానికి వీల్లేదని దాని అర్థం. పాత ఆర్44 నిబంధనలో 9 కిలోలుంటే చాలు, ముందుకు తిప్పొచ్చు. బొద్దుగా ఉండే పిల్లలు ఏడాది నిండకముందే ఆ బరువుకు వచ్చేస్తారు.

అసలు సంగతి మెడ. కారు ఎదురుగా దేన్నైనా గుద్దినప్పుడు ముందుకు చూసే సీట్లో భుజాలను పట్టీలు ఆపేస్తాయి, తల మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. పుట్టిన బిడ్డకు ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ పూసల్లోని ముక్కలను కలిపి ఉంచే మృదులాస్థి ఎముకగా గట్టిపడేది సుమారు మూడు నుంచి ఆరేళ్ల మధ్య. వెనక్కి తిప్పిన సీట్లో అయితే వీపు, మెడ, తల మూడూ ఒకేసారి సీటు వీపుకు ఆనుకుని ఆగుతాయి, దెబ్బ అంతటా పంచుకుంటుంది.

కాళ్ల గురించి భయం అక్కర్లేదు. పిల్లలు మఠం వేసుకుని హాయిగా కూర్చుంటారు. ముందుకు తిప్పిన పిల్లలకే కాళ్లు విసురుగా లేచి ముందు సీటు వీపుకు కొట్టుకుంటాయి.

కొలతబద్ద:
ఇద్దరూ ఒక లెక్కను పట్టుకు రాకముందే చెప్తాను. వెనక్కి తిప్పితే ఐదు రెట్లు భద్రమన్న మాట 2007లో వచ్చిన ఒక అధ్యయనంలోది. లెక్కల్లో పొరపాట్లు బయటపడి దాన్ని ఉపసంహరించారు. ఆ సమాచారాన్ని మళ్లీ లెక్కేస్తే, గాయపడిన పిల్లల సంఖ్య మరీ తక్కువ కావడంతో తేడాను ఖాయంగా తేల్చలేకపోయారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం (అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్) 2018లో సలహాను మార్చి 'రెండేళ్లు' అన్న గీత తీసేసింది. అలాగని తొందరగా తిప్పేయమనలేదు, సీటుకు రాసిన ఎత్తు, బరువు హద్దు వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా వెనక్కి కూర్చోబెట్టడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. కాబట్టి పుట్టినరోజు కేకుల లెక్క పక్కనపెట్టి సీటు మీద అతికించిన లేబుల్ చదవండి.

బిగింపు:
ఎటు తిప్పాలన్నది తేలేలోపు, తిప్పిన సీటు సరిగ్గా బిగిసిందో లేదో చూద్దాం. ఎక్కువ ప్రమాదం అక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం.

సీటు బెల్టు దూరే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ ఊపండి. 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. చాలామంది పైఅంచు పట్టుకుని ఊపుతారు. వెనక్కి తిప్పిన సీటు పైభాగం కొంత ఊగడం మామూలే, దాన్ని చూసి అనవసరంగా కంగారు పడతారు. బెల్టుతో బిగించేటప్పుడు సీటు మీద చేత్తో బరువు వేసి అదిమి, వదులంతా లాగేసి, లాక్ వేయాలి.

హార్నెస్ (పిల్లలను సీటుకు కట్టిపట్టే పట్టీలు) భుజం పట్టీలు వెనక్కి చూసే పిల్లలకు భుజాలకు సమానంగా గానీ కాస్త కిందగా గానీ, ముందుకు చూసేవాళ్లకు సమానంగా గానీ కాస్త పైగా గానీ రావాలి. ముందు నడుం దగ్గరి వదులును పైకి లాగి, ఆ తర్వాతే కిందనున్న పట్టీ లాగి బిగించండి. భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి నిలువునా మడవడానికి చూడండి. వేళ్ల మధ్య మడత దొరికిందంటే వదులుగా ఉన్నట్టే. మెలిక పడిన పట్టీ ఒంట్లోకి కోసుకుపోతుంది, సరిచేయకుండా బయలుదేరొద్దు. దళసరి కోటుతో కూర్చోబెడితే బిగుతుగానే అనిపిస్తుంది, గుద్దుకున్న క్షణంలో లోపలి దూది నలిగి పట్టీ వదులైపోతుంది. కోటు విప్పి బిగించాక పైన దుప్పటి కప్పండి.

ముందుకు తిప్పిన సీట్లకు టాప్ టెదర్ పట్టీ (సీటు పైభాగాన్ని కారుకు కట్టేది) ఉంటే, అది తగిలించకుండా వదిలేయడం మహా తప్పు. తల ముందుకు పోయే దూరాన్ని తగ్గించేది అదే. డిక్కీలో సామాను కట్టే కొక్కేనికి తగిలించేవాళ్లున్నారు. ఆ కొక్కెం అంత లాగుడుకు ఆగదు. టెదర్ గుర్తు ఉన్న చోటే తగిలించాలి.

చిన్నపాదం:
మెడ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ చోటు సంగతి ఎవరూ మాట్లాడలేదు. చిన్న కార్లో వెనక్కి తిప్పిన పెద్ద సీటు పెడితే డ్రైవర్ సీటు ముందుకు జరపాల్సి వస్తుంది. స్టీరింగ్‌కూ ఛాతీకీ మధ్య 25 సెంటీమీటర్లైనా లేకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు నడిపేవాళ్లకే దెబ్బ. మరి పిల్లల సీటును ముందు సీట్లో పెట్టేస్తే?

కొలతబద్ద:
అది మాత్రం వద్దు. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉంటే వెనక్కి తిప్పిన సీటు అక్కడ పెట్టనే కూడదు. అది తెరుచుకుని సరిగ్గా పిల్లల తల వెనకున్న సీటు వీపును కొడుతుంది. సీటును డ్రైవర్ పక్క సీటు వెనకకు మార్చండి. పసివాళ్లకు దాదాపు 45 డిగ్రీల వాలు కావాలి, లేకపోతే తల ముందుకు వాలి ఊపిరికి అడ్డమవుతుంది. తల నిలిపే వయసు దాటాక, సీటు పుస్తకం ఒప్పుకున్నంత మేర నిటారుగా పెడితే ముందు చాలా చోటు మిగులుతుంది. కొనేముందే సీటును మీ కార్లో పెట్టి చూడండి.

వెనకసీటు:
ఐసోఫిక్స్ సీట్లకు, అంటే సీటు బెల్టుతో కాకుండా కారులోని లోహపు కడ్డీలకు నేరుగా తగిలించే వాటికి, ఇంకో లెక్క ఉంది. ఆర్129 ప్రకారం హార్నెస్ ఉన్న ఐసోఫిక్స్ సీటు బరువూ, పిల్లల బరువూ కలిపి 33 కిలోలు దాటకూడదు. సీటే 14 కిలోలుంటే పిల్లలకు మిగిలేది 19. కొనేటప్పుడు సీటు బరువు కూడా అడగండి.

చిన్నపాదం:
నేలలో సామాను పెట్టుకునే అర ఉన్న కార్లలో సపోర్ట్ లెగ్ (పిల్లల సీటు నుంచి కారు నేలకు ఆనే కాలు) ఎక్కడ ఆనించాలి?

బిగింపు:
అర మూత మీద ఊరికే ఆనించొద్దండీ. గుద్దుకున్నప్పుడు మూత కుంగితే కాలు లోపలికి దిగి సీటు ముందుకు ఒరుగుతుంది. కొన్ని కార్లకు ఆ అరలో నింపే దిమ్మెను తయారీదారే ఇస్తాడు. కారు మాన్యువల్ చూడండి, సీటు కంపెనీ ఇచ్చే కార్ల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూడండి. లేకపోతే సపోర్ట్ లెగ్ లేకుండా బెల్టుతో బిగించే రకం తీసుకోండి.