అప్‌డేట్: పాపకు మధ్యంతర భరణం మంజూరైంది

విడాకుల కేసు తేలేవరకు పాప ఖర్చులకు నా భర్తను డబ్బు అడగవచ్చా, తీర్పు దాకా ఆగాలా అని ఏడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఆగనక్కర్లేదని ధైర్యం చెప్పినవారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, అంటే 2024 జులై 1కి ముందు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125గా ఉన్న నిబంధన కింద, నేను ఉంటున్న ఊళ్లోని ఫ్యామిలీ కోర్టులోనే అర్జీ వేశాను. విడాకుల కేసు వేరే నగరంలో నడుస్తున్నా అది అడ్డు కాలేదు.

అసలు బలమంతా ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌లో ఉంది. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం దీన్ని ఇద్దరూ దాఖలు చేయాలి. స్కూలు ఫీజు రసీదులు, ఆటో కిరాయి, చివరికి పాప కళ్లద్దాల బిల్లు కూడా తేదీల వారీగా జతచేశాను. ఆదాయం లేదన్న ఆయన మాట, ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు ముందు నిలవలేదు.

నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతున్నా, మాకు అంతకంటే ఎక్కువే పట్టింది. అయితే అర్జీ వేసిన తేదీ నుంచే నెలకు 8,000 రూపాయల చొప్పున ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.

డబ్బుకూ, తండ్రి పాపను చూడడానికీ ముడిపెట్టవద్దని లాయరుగారు మొదట్లోనే హెచ్చరించారు. అందుకే ఆదివారాలు పాపను పంపడం ఎన్నడూ ఆపలేదు. బకాయిలో మొదటి విడత నిన్న జమైంది.