కమాన్ల షాకిల్‌కు గన్‌మెటల్ బుష్షా, రబ్బరు బుష్షా?

సీతమ్మధార పాతబండి:
1930ల నాటి కారు, నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే (ఉక్కు పట్టీల స్ప్రింగులు). కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిళ్లలో (ఊగే లంకెల్లో) గన్‌మెటల్ (రాగి, తగరం కలిపిన లోహం) బుష్షులు, అంటే పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు; గ్రీజు కొట్టే నిప్పళ్లు. విశాఖ బీచ్ రోడ్డులో చిన్న గుంట తగిలినా కిర్రుమంటుంది. గ్రీజు కొడితే ఆగుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదలు. కొత్త పిన్నులు అప్పుడే అరిగి గాడి పడ్డాయి. గాజువాక ఆటోనగర్‌లో సైలెంట్ బ్లాక్ (రబ్బరు) బుష్షులు వేయించమంటున్నారు. వేయించవచ్చా?

లేత్‌పని:
ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చండి. ఛాసిస్‌కు జాకీ పెట్టి కమాన్ మీద బరువు తీసేసి, కన్ను (కమాన్ చివర బుష్షు కూర్చునే రంధ్రం) దగ్గర గునపం పెట్టి ఎత్తండి. లూజు కనిపిస్తే బుష్షు పోయినట్టు. లేకపోతే కిర్రు పట్టీల మధ్యది. విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పెడితే చాలు.

గాడి ఎందుకంటే, షాకిల్ గుండ్రంగా తిరగదు, కొద్ది డిగ్రీలే ఊగుతుంది. బరువంతా పిన్నుకు ఒకే పక్క. అక్కడి గ్రీజు పక్కకు తప్పుకుంటే మళ్లీ రాదు. ఇసుక, ఉప్పుగాలి తేమ కలిస్తే మిగిలిన గ్రీజు వాల్వులు రుద్దే గరుకు పేస్టే. 1920లలో లియోన్ థీరీ పట్టుకున్న ఈ సైలెంట్ బ్లాక్ కిటుకే దీనికి మందు: రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరు గట్టిగా కూరితే మెలిపడేది రబ్బరే, ఇనుము మీద ఇనుము జారదు.

షాకిల్ మేస్త్రి:
వేయించవచ్చు, కానీ బిగింపులోనే తప్పు చేస్తారు. కన్ను లోపలి కొలత అడ్డంగా, నిలువుగా తీయండి. కోలగా ఉంటే రీమర్ (రంధ్రాన్ని గుండ్రంగా తొలిచే పనిముట్టు) పెట్టాలి, సుత్తితో సర్దకూడదు. 30 మి.మీ. కన్నుకు బయటి గొట్టం 0.05 నుంచి 0.1 మి.మీ. ఎక్కువ ఉంటే పట్టు వస్తుంది. ప్రెస్సు బయటి గొట్టం మీదే పడాలి. లోపలి దాన్ని నొక్కితే రబ్బరు చిరుగుతుంది.

లోపలి గొట్టం కన్ను వెడల్పు కంటే కాస్త పొడుగుండాలి, షాకిల్ పలకలు దాన్నే పట్టి బిగించాలి. పాత పిన్నుకు మెట్టు ఉంటే ఆ బిగింపు రాదు. 8.8 గ్రేడు బోల్టు వేయండి.

అసలు సంగతి: కారు నేల మీద నిలబడి, బరువు కమాన్ల మీద పడ్డాకే చివరి బిగింపు. జాకీ మీద బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఉండిపోతుంది. తొందరగా చీలుతుంది, కారు కూడా ఎత్తుగా నిలుస్తుంది.

సీతమ్మధార పాతబండి:
కమాన్లకు వాడేసిన ఇంజనాయిల్ పూస్తుంటాను. అది కొనసాగించవచ్చా గురువుగారూ?

షాకిల్ మేస్త్రి:
మానేయండి. నూనెకు సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పట్టీలకు గ్రాఫైట్ గ్రీజు పెట్టండి, కమాన్ కళ్లలోని రబ్బరు వైపు రానివ్వకండి. బుష్షు దూర్చేటప్పుడు కూడా సబ్బునీళ్లే.

లేత్‌పని:
ఇంకోటి. ఇది ఊగే కీళ్లకే. బ్రేకు షాఫ్టు, కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే ముందు చక్రం తిరిగే పిన్ను) లాంటి ఎక్కువగా తిరిగే చోట్ల రబ్బరు పెట్టించకండి, అక్కడ గన్‌మెటలే. తీసిన పాత బుష్షులు, పిన్నులు పారేయొద్దు, మళ్లీ చేయించాలంటే నమూనా అవే.