ఫోన్ మాత్రమే వాడే మాస్టార్లు నడపగలిగే వెబ్‌సైట్ ఏది?

నమస్కారం అండీ. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చిన్న సేవాసంస్థ తరఫున పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాం. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లోనూ తెలుగు అక్షరాలు రానివాళ్లు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఈ పని వదలబుద్ధి కాదు.

నాలుగేళ్ల కిందట ఒక కుర్రాడు అభిమానంతో వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో సైట్ చేసిపెట్టాడు. అతను ఉద్యోగానికి వెళ్లిపోయాక ప్లగిన్లు (దానికి తగిలించే అదనపు ప్రోగ్రాములు) అప్‌డేట్ చేసేవాళ్లు లేక, ఎవరో చొరబడి మా పేజీల్లో జూదం ప్రకటనలు పెట్టారు. చందా ఇచ్చే ఒకావిడ అవి చూసి ఫోన్ చేస్తే నాకు తల కొట్టేసినట్టయింది. డొమైన్ (సైట్ చిరునామా) అతని ఈమెయిల్ మీదే ఉండడంతో గడువు దాటి అదీ పోయింది.

ఈసారి డొమైన్ సంస్థ ఈమెయిల్‌తోనే కొంటాం. సైట్ దేనిలో పెట్టాలన్నదే తేలడం లేదు. గూగుల్ సైట్స్ ఉచితం, అప్‌డేట్ల బెడద లేదు. కానీ తెలుగు, ఒడియా పేజీలు విడివిడిగా చేసుకోవాలి. హ్యూగో లాంటి సాధనంతో చేసే స్టాటిక్ సైట్‌కి, అంటే ముందే తయారుచేసిన పేజీలను ఉన్నవి ఉన్నట్టు చూపే సైట్‌కి, డేటాబేసే ఉండదు కాబట్టి చొరబాటు భయం తక్కువ. మరి అరవై దాటిన మా మాస్టారు ఫోన్ నుంచి ఒక ఫొటో, నాలుగు వాక్యాలు ఎక్కించాలంటే ఎలా? ఏడాదికి 3,000 రూపాయలు మించి పెట్టలేం.

ఇలాంటి సంస్థకు సైట్ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏది వాడారో, మనుషులు మారినా అది ఎలా నిలబడిందో దయచేసి చెప్పండి.